సెల్లు మార్చాను

2011 సెప్టెంబరు చివరి వారం, బుధవారం. జనగామలో మా ఇంటి ముందు. ఉన్నవారు: నేను, నా భార్య, ఇరవై ఏళ్లుగా మా బండ్లు చూసే మెకానిక్.

మరునాడు పొద్దున ఎనిమిదికల్లా మహబూబాబాద్‌లో ఉండాలి. మా అక్కకు ఊపిరి ఆడడం లేదు, వరంగల్ దవాఖానకు తీసుకుపోవాలి. ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మెతో బస్సులు లేవు. అక్క కొడుకు భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేస్తాడు, బండ్లు లేక రాలేను, మా అవ్వను నువ్వే తీసుకుపో మామా అన్నాడు. మిగిలింది నా కారే. బ్యాటరీ పాతబడిందని ఆ బుధవారమే మెకానిక్‌ను పిలిచి చూపించాను.

మెకానిక్ బానెట్ ఎత్తి, తీగల కొసన పేరుకున్న తెల్లటి పొడి గీకాడు. ఆరు మూతలు విప్పి, ఒక్కొక్క గదిలోని నీళ్లను గాజు గొట్టంలోకి పీల్చి చూడసాగాడు. ఎప్పుడు కొన్నారని అడిగితే డైరీ తెరిచి తేదీ చెప్పాను.

"సారు బ్యాటరీ పుట్టినరోజు రాసిపెట్టిండు గని నీళ్లు పోసుడు మరిచిండు" అన్నాడు మెకానిక్. నా భార్య నవ్వింది.

నేను లోపలికి వెళ్లి ప్రయాణం వివరాలు రాసుకుంటున్నాను. సమ్మె దీక్షా శిబిరంలో ఆ పూట కూర్చునే వంతు మెకానిక్‌ది. నాతో కాకుండా, బయట ఉన్న నా భార్యతో చెప్పి వెళ్లిపోయాడు. ఆమె కిటికీలోంచి కేకేసింది.

"సెల్లు సచ్చిందట. పొద్దుగాల పోయేలోపల మార్చాల్నంట."

నా ఫోను రెండు రోజులుగా మాట మధ్యలో ఆగిపోతోంది. అదే అనుకున్నాను. బజారులో సగం షట్టర్ ఎత్తిన దుకాణంలో కొత్తది కొని, అక్కకు చేసి, ఎనిమిదింటికి వస్తానని చెప్పాను. డైరీలో రాశాను: సెల్లు మార్చాను.

పొద్దున ఇంజన్ కాస్త బరువుగా తిరిగినా అందుకుంది. తొర్రూరు దగ్గర రాస్తారోకో. రోడ్డు మీద పొయ్యిరాళ్లు పెట్టి వంటకు సిద్ధమవుతున్నారు. ఇంజన్ బంద్ చేయమంటే చేశాను. సంగతి చెప్పగానే వాళ్లే రాళ్లు జరిపి దారి ఇచ్చారు. తాళం తిప్పితే టక్కుమంది, అంతే. పదిమంది నెట్టినా లేవలేదు. ఆగి ఉన్న లారీ డ్రైవరు వచ్చి బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"సెల్లు సచ్చింది సార్."

"లేదు, నిన్ననే మార్చిన" అని జేబులోంచి ఫోను తీసి చూపించాను.

అందరూ నవ్వారు. "గది గాదు బాపూ, గిది" అని డ్రైవరు బ్యాటరీ మూతల్లో ఒకదాన్ని వేలితో తట్టాడు. బ్యాటరీలోని ఒక్కో గదినీ సెల్లే అంటారని అప్పుడు అర్థమైంది.

దుకాణాలన్నీ బంద్. లారీ బ్యాటరీ నుంచి కలపడానికి వైర్లు పక్క ఊరి నుంచి తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆ వైర్లు తెచ్చిందీ ఆ నవ్వినవాళ్లే.

నేను చేరేసరికి పది దాటింది. అక్క వాకిట్లో కుర్చీలో ఉంది, ఒళ్లో బట్టల సంచి. చుట్టూ నలుగురు ఆడవాళ్లు. పక్కింటామె లేచి నాకు దారి ఇచ్చింది.

"ఎనిమిదింటి సంది రోడ్డు దిక్కే సూసింది. మా తమ్ముడు టైమంటే టైమే అన్నది. గిప్పుడే, పానం పోయి అరగంట గూడ కాలే."

అక్క చెయ్యి పట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. జేబులో కొత్త సెల్లు మోగింది. భూపాలపల్లి నుంచి అక్క కొడుకు.

"మామా, అవ్వ కారెక్కిందా?"