ఇంటి గుర్తు

మస్తానయ్య ఉన్నప్పుడు నేను బట్టలు మిద్దె మీద ఆరేసేదాన్ని. ఆయన తెల్లారకముందే బోటు నెట్టుకుని పోయేవాడు. ఏడింటికల్లా ఉతుకు ముగించి, తడి బట్టల బకెట్టు నడుముకి ఆనించుకుని మెట్లెక్కేదాన్ని. మధ్యాహ్నం ఆయన ఒడ్డుకొచ్చి, ఇంజను భుజాన వేసుకుని ఇంటికి చేరేదాకా వాటిని తీసేదాన్ని కాదు. పదింటికే పెళపెళా ఎండిపోయినా తీయకూడదు. అది ఆయన మాట. ఒకసారి మబ్బు పట్టిందని ముందే తీసేస్తే రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు.

"చీరలు రంగు వెలిసిపోతుండాయి" అంటే, "వెలిస్తే ఇంకోటి కొనిస్తాలే మే" అనేవాడు. కొనిచ్చింది లేదు.

ఇప్పుడు పెరట్లో రెండు కొయ్యల మధ్య తాడు కట్టుకున్నాను. ఒక చీర, ఒక లంగా, ఒక తువ్వాలు. ఎండగానే తీసి మడత పెట్టేస్తాను. మిద్దె ఎక్కి పది నెలలైంది.

మాది విడవలూరు మండలంలో సముద్రం ఒడ్డున చిన్న పాళెం. ఆయన పుట్టిందీ పెరిగిందీ పోయిందీ ఇక్కడే. పన్నెండో ఏట తండ్రి వెంట తెప్ప ఎక్కాడు. తర్వాత ఫైబర్ బోటు, వెనక చిన్న ఇంజను. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషి చాలా దూరాలు చూసి ఉంటాడని అనుకుంటారు. అదేం లేదు. నేరుగా తూర్పుకు పోవడం, వల వేయడం, నేరుగా పడమరకు రావడం. ఒడ్డు వెంబడి దక్షిణంగా పెన్న సముద్రంలో కలిసే మొగ దాటి ఆయన ఒక్కసారీ పోలేదు.

మాకు పిల్లలు లేరు. ఆయనకున్న రక్తసంబంధం తమ్ముడు పెంచలకృష్ణ, చెల్లెలు ఆదిశేషమ్మ. తమ్ముడిది మా వీధే. చెల్లెల్ని తూపిలిపాళెంలో ఇచ్చారు. అది కూడా సముద్రం ఒడ్డే, కాకపోతే కృష్ణపట్నం రేవు దాటి ఇంకా దిగువకు పోవాలి. ఎప్పుడు పోయినా బస్సులోనే పోయేవాళ్ళం. ఎంత అల వచ్చినా చలించని మనిషికి బస్సులో వాంతులు. గూడూరు వచ్చేసరికి నిమ్మకాయ ముక్కు కాడ పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆదిశేషమ్మ గడపలోనే నిలబెట్టి ఎగతాళి చేసేది.

"ఏందన్నా, బోటు పెట్టుకోని బస్సులో వస్తావు. మా ఒడ్డున నీ బోటు చూసేది ఎప్పుడు?"

"వస్తాలే. బోటుకు టికెట్టు కొట్టేవోడు దొరకలా."

చెల్లెలి మాట ఆయనకు ఎక్కడో తగులుకుంది. వచ్చే మాఘంలో, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు, బోటులోనే పోవాలని నిశ్చయించుకున్నాడు. ఆ దారి తెలిసిన వాళ్ళు ఎక్కడ కనబడినా కూర్చోబెట్టి గుర్తులు అడిగేవాడు. ఎక్కడ ఏ చర్చి గోపురం కనపడుతుంది, రొయ్యల గుంటల షెడ్లు ఎక్కడ మొదలవుతాయి, ఏ మొగ కాడ ఇసుక తిప్ప ఏ పక్కన ఉంది, రేవు క్రేన్లు కనపడగానే ఎంత లోతుకు జరిగి ఓడల దారి దాటాలి. ఆయనకు చదువు రాదు. నేను ఐదు దాకా చదివాను. సాయంత్రం ఆయన చెబుతుంటే నోటు పుస్తకంలో రాసేదాన్ని. అట్లా పదకొండు పేజీలు అయ్యాయి.

చైత్రంలో ఒక రోజు ఇసుకలో బోటు లాగుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. ఆటోలో నెల్లూరు తీసుకుపోతుంటే విడవలూరు దాటకుండానే అయిపోయింది. నా ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాడు. బస్సుకు వచ్చే వాంతులే అనుకుని నేను నిమ్మకాయ కోసం కొంగు వెతికాను.

ఆ తర్వాత బోటు ఇసుకలో బోర్లించి ఉండిపోయింది. పోయిన నెల ఆదిశేషమ్మ ఫోన్ చేసింది.

"వదినా, అన్న బోటు ఎండకు పగిలిపోతాందంట గదా. పెంచలకృష్ణకు ఇచ్చేస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం. ఇచ్చేముందు ఒక్కసారి మా ఒడ్డుకు తెప్పించు. చూసి పంపిస్తా."

మాట అయిపోయినా చాలాసేపు ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు.

పెంచలకృష్ణ సరేనన్నాడు. మాఘం వచ్చింది. ఆయనతో ఇరవై ఏళ్ళు వేటకు పోయిన హజరత్తయ్యను వెంటబెట్టుకుని ఒక మధ్యాహ్నం మా వరండాలో కూర్చున్నాడు. ఎన్ని క్యాన్లు కిరసనాయిలు పడుతుంది, తాగేనీళ్ళు ఎన్ని, ఇంజను ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ అనుకున్నారు. తర్వాత పుస్తకం తెచ్చి ఇచ్చాను. పెంచలకృష్ణ చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"వదినా, మైపాడు ఎడం చేతికి అని రాసినావే. దక్షిణానికి పోతా ఉంటే ఊరు కుడిచేతికి గదా రావాల?"

"ఊరు ఎడం చేతికొచ్చిందంటే బోటు రోడ్డు మీద పోతాండాదని" అన్నాడు హజరత్తయ్య.

ముందు పేజీ చూస్తే సరిగ్గా ఉంది. తర్వాతది తప్పు. అప్పుడు తట్టింది. ఆయన ఏనాడూ కుడి, ఎడమ అని చెప్పలేదు. 'ఈ పక్క', 'ఆ పక్క' అని చెయ్యి ఊపేవాడు. నేను నాకు కనపడినట్టు రాసుకున్నాను. మెట్టు మీద నా పక్కన కూర్చుని చెప్పినవి సరిగ్గా వచ్చాయి. ఎదురుగా కూర్చుని చెప్పినవి తిరగబడ్డాయి.

"ఊళ్ళంటే సరిచేసుకుంటాం వదినా. మొగల కాడ తిప్ప ఏ పక్కో తెలియకుంటే బోటు బోల్తా పడతాది. దీన్ని నమ్ముకోని పోలేం." పెంచలకృష్ణ పుస్తకం మూశాడు. "అక్కకు నేను జెప్తాలే."

ఆయన చేయాలనుకున్నది ఒక్కటే ఒక్కటి. అది నా రాత వల్ల ఆగిపోతోంది. పుస్తకం తీసుకుని ఒక్కో పేజీ వెలుతురుకి పెట్టి చూశాను. ఎదురుగా కూర్చునేది అన్నం తినేటప్పుడే. మెతుకుల చేత్తోనే దారి చూపించేవాడు. విదిలించిన చుక్కలు కాగితం మీద పడేవి. మైపాడు పేజీలో పసుపు మరక ఉంది. సరిగ్గా ఉన్న పేజీలో లేదు.

"పులుసు మరక ఉండే పేజీలన్నీ తిప్పి చదువు" అన్నాను. "మరక లేనివి ఉండేది ఉన్నట్టే."

పెంచలకృష్ణ ఊరున్న పేజీలన్నీ వెతికాడు. ప్రతిచోటా అట్లాగే సరిపోయింది.

"ఆయప్పకు శుభ్రంగా తినడం వచ్చుంటే మనం మునిగిపోయేవోళ్ళం" అన్నాడు హజరత్తయ్య.

ఆయన పోయాక ఈ ఇంట్లో నేను నవ్వింది అప్పుడే.

కానీ మొదటి పేజీలో మొదటి మాట నాకు అర్థం కాలేదు. 'ఇంటి గుర్తు కనపడినంతసేపు భయం లేదు.' ఇంటి గుర్తు అంటే ఏమిటని ఆ రోజే అడిగాను. నువ్వెప్పుడు చూడబోతావులే అన్నాడు. ఇప్పుడు హజరత్తయ్యను అడిగాను. అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అది ఈడ కూచోని జెప్పేది కాదు."

"అయితే నన్నూ ఎక్కించుకోండి."

మా పాళెంలో ఆడవాళ్ళు చేపలు అందుకుంటారు, వల పోగులు విప్పుతారు, బోటు మాత్రం ఎక్కరు. నా పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఆ ఛాయలకే పోరు.

"ఆడోళ్ళు ఎక్కితే గంగమ్మకు కోపమొస్తాది మే" అన్నాడు హజరత్తయ్య.

"గంగమ్మ మాత్రం మొగోడా అన్నా?"

పెంచలకృష్ణ నేల చూస్తూ, "మరకల లెక్క సరేనో కాదో పెన్న మొగ దాకా పోయి చూడాల గదా. ఆడి దాకా దారి నాకు తెలుసు. అంతవరకు రా వదినా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కాళ్ళు కడుక్కుని, కొబ్బరికాయ కొట్టి ఎక్కాను. ఒడ్డున నలుగురు చూశారు. మళ్ళీ వలల మీదికి వంగారు. మరకల లెక్క తప్పలేదు. మొగ కాడ తిప్ప మేము తిప్పి చదివిన పక్కనే ఉంది. వచ్చేటప్పుడు హజరత్తయ్య నా భుజం తట్టి ఒడ్డు వైపు చూపించాడు. ఒకటే రంగు మిద్దెలు, వరసగా. మా ఇల్లు ఏదో నాకు తెలియలేదు.

"ఎతుక్కుంటుండావా? పది నెలలుగా మేమూ ఎతుక్కుంటుండాం. ముందు ఆ మిద్దె మీద నీ చీరలు రెపరెపలాడేవి. ఎర్రది, పచ్చది. ఈ బోటు, ఆ బోటు అని కాదు, అందరం దాన్ని చూసుకోనే ఒడ్డు పట్టేది. మస్తానయ్య దాన్నే ఇంటి గుర్తు అనేవోడు."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అడగడానికి మనిషి లేడు. బట్టలు తీస్తే కోపం ఎందుకని ఆ రెండు రోజులూ అడిగాను. ఒక్కసారి చెప్పి ఉండొచ్చు.

ఒడ్డుకు దిగాక పెంచలకృష్ణ, "శుక్రవారం పోతాం. నువ్వూ రా వదినా. మొగ దాటినాక పుస్తకం నువ్వే చదవాల" అన్నాడు.

శుక్రవారం ఇంకా చీకటి ఉండగానే లేచి పెట్టెలోని రంగు చీరలన్నీ తీశాను. ఉతకాల్సినవి కావు, అయినా ఉతికాను. మిద్దె ఎక్కి పాత తాడు మీద వరసగా ఆరేసి, గాలికి పోకుండా క్లిప్పులు పెట్టాను. పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఇంటికి తాళం వేసి దిగాను. క్యాన్లు మోస్తూ ఎదురొచ్చిన పెంచలకృష్ణ పైకి చూశాడు.

"వదినా, మళ్ళీ వచ్చేది రేపు సాయంత్రానికి. బట్టలు తీయవా? ఎండకు పాడైపోతాయి."

"ఉండనీ" అన్నాను. "ఇప్పుడు తీసేది కాదు."