వాల్వరిన్ తోలు దగ్గర నా బేరం

తెనాలిలో మా ఇంటి ముందు గది కొట్టు, వెనక గది కాపురం. చింతపండు కూడా బేరమాడకుండా కొనని వంశం మాది. ఎనభైల మొదట్లో అలాస్కాలో ఒక నది ఒడ్డు ఊళ్లో బడి జెనరేటర్ చూసుకొనే పనిలో ఉండగా, ఆ విద్యను అక్కడా ప్రదర్శించాను.

నేను దిగింది అథబాస్కన్ తెగకు చెందిన ఒక ముసలావిడ ఇంట్లో. ఊరంతా ఆవిణ్ణి ఆంటీ అనేది, నేనూ అనేవాణ్ణి. ఆవిడ వాళ్లది అడవి. సముద్రం వైపు ఇనుపియాట్ తెగవాళ్లది. తాతల కాలంలో కొండ దాటి వచ్చినవాడు ఏ వైపువాడైనా ప్రాణాలతో తిరిగి వెళ్లడం కష్టమే. అవతల, రక్తసంబంధం లేకపోయినా, సరుకు ఇచ్చిపుచ్చుకొనే చుట్టం ఉంటే మాత్రం అతని పేరే కాపు. ఆవిడ తాతకు అలాంటి చుట్టం ఉండేవాడట. అతని మనవడు, అప్పటికి తనూ ముసలివాడే, ఏటా చిన్న విమానంలో సీల్ అనే సముద్రజంతువు కొవ్వు నూనె తెచ్చేవాడు. ఆ ఏడు ఈ చుట్టరికం అప్పగించడానికి కూతురినీ తెస్తున్నాడు. ఆమెకు పట్నంలో ఆఫీసు ఉద్యోగం.

"ఆ పిల్ల తనకి కావలసింది నోరు తెరిచి అడిగితే మన మనిషైనట్టు," అంది ఆంటీ. "ఇచ్చింది పుచ్చుకుని థాంక్స్ చెప్పి పోయిందా, ఈ చుట్టరికం ఇక నాతోనే ఆఖరు."

వాళ్లు వచ్చి బల్లమీద రెండు డబ్బాల నూనె పెట్టారు. ఆంటీ మూడు వాల్వరిన్ తోళ్లు పరిచింది, అదొక బొచ్చు దట్టమైన అడవి జంతువు. కోటు టోపీ అంచుకు కుడితే ఊపిరి మంచు దానిమీద నిలవదు. సముద్రం వైపు అవి అరుదు. నా చెయ్యి ఊరుకోలేదు. ఒక తోలు వెనక్కి లాగాను.

"రెండు డబ్బాలకి మూడా? ఆగండాంటీ. రేటు నేను మాట్లాడతా."

ముసలాయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా చుట్టంతో బేరమేంటబ్బాయ్? పరాయివాళ్లతో గదా బేరం," అంది ఆంటీ. "పరాయివాళ్లని ఏం చేసేవాళ్లమో చెప్పాగా."

కూతురు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఈయన మీవాడా, ఆంటీ?"

"అద్దెకున్నాడు."

"అయితే ఈ అంకుల్‌కి ఏ వైపూ దిక్కులేదన్నమాట!"

ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను తోలు మళ్లీ బల్లమీద పెట్టాను. ఆమె మూడూ దగ్గరికి లాక్కుని బొచ్చులోకి వేళ్లు పోనిచ్చింది.

"ఆంటీ, ఇంకోటి కూడా కావాలి. మా పాపకి."

ఆంటీ అప్పటికే లేచి లోపలికి వెళుతోంది. వెదుకుతున్న చప్పుడు వినిపించింది. నా మధ్యవర్తిత్వంతో మూడు తోళ్ల సరుకు నాలుగైంది. నాలుగోది నా చేతిలో పెడుతూ ఆవిడ మెల్లగా, "అడిగింది, చూశావా," అంది.

విమానం దాకా నాలుగూ నేనే మోశాను.