బిగించిన క్లచ్ వైరు

నా చిన్నప్పుడు మా పక్కింటి పిన్ని ప్రాణం తీసింది పటాన్‌చెరు మెకానిక్కేనని మా వాళ్ళంతా ఇప్పటికీ చెబుతారు. ఏ పెళ్ళిలోనో మా పాత ఫ్యాక్టరీ క్వార్టర్ల వాళ్ళు నలుగురు కలిస్తే చాలు, మా అన్నయ్య ఆ కథ ఎత్తుకుంటాడు. కొత్తవని చెప్పి పాత క్లచ్ ప్లేట్లు వేశాడట, దానితో బండి దారిలో ఆగిపోయిందట, నిండు మనిషి చనిపోయిందట. వినేవాళ్ళు అయ్యో అంటారు. నేను కాదంటే, "నువ్వప్పుడు మూడో తరగతి, నీకేం తెలుసే?" అంటాడు. ఆ రోజుల్లో అన్నయ్య బందరులో అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకుంటున్నాడు. ఆ స్కూటర్ పక్కన మట్టిలో గొంతుక్కూర్చుని, జరిగిందంతా కళ్ళారా చూసింది నేను. ఇక ఎవరి మాట నమ్మాలో వినేవాళ్ళే తేల్చుకోవాలి.

డెబ్బైల నాటి మాట ఇది. కృష్ణా జిల్లా నుంచి నాన్న పటాన్‌చెరు దగ్గరి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు. గేర్ల పళ్ళచక్రాలు కోసే విభాగంలో పని. మా లైను క్వార్టర్లలో ఎక్కువమంది మాలాగే కోస్తావాళ్ళు; స్కూటర్ ఉన్నది మాత్రం మా ఒక్కరికే. పేరు నమోదు చేయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చిన బండి అది. నాన్న మాత్రం షిఫ్టు బస్సులోనే వెళ్ళేవారు. అందుకని ఆ స్కూటర్ పేరుకే మాది, తిరిగేది లైను మొత్తానికి. జ్వరం వచ్చిన పిల్లాడికి, పరీక్ష రాయబోయే తమ్ముడికి, రైలు దిగే అత్తగారికి, అందరికీ అదే.

అలా తీసుకున్న బండిని ఊరికే తిరిగిచ్చేయకూడదని మా లైనులో ఒక మర్యాద ఉండేది. కొందరు కడిగి ఇచ్చేవారు. కొందరు సీటు కవరు కుట్టించి ఇచ్చేవారు. ఎక్కువమంది మాత్రం పానా తీసేవారు. పగలంతా మెషిన్ల దగ్గర నిలబడే మనుషులు కదా, వదులుగా ఉన్న బోల్టంటే వాళ్ళ లెక్కలో తప్పు. తలుపు గడియ కానీ, నీళ్ళ పంపు కానీ, నులక మంచం కానీ వాళ్ళ చేతికి చిక్కి వదులుగా మిగిలేది కాదు. వాళ్ళు థాంక్స్ చెప్పే పద్ధతే అది. ఏదో ఒకటి బిగించి వెళ్ళేవారు.

పక్కింటి బాబాయి ఫిట్టరు. పిన్ని అప్పటికి ఏడో నెల గర్భిణి. సాయంత్రాలు నాకు జడ వేసేది ఆవిడే. నేను ఆపకుండా వాదిస్తుంటే, "ముందు నీ నోటికి వెయ్యాలే జడ" అనేది. అలా అని మళ్ళీ నన్నే మాట్లాడించేది. నా వాదనలు ఓపిగ్గా విన్న మొదటి మనిషి, బహుశా చివరి మనిషి కూడా ఆవిడే.

ఆ నెలలోనే బండికి కొత్త క్లచ్ ప్లేట్లు వేయించారు నాన్న. వేసింది పటాన్‌చెరులో రోడ్డు పక్కన రేకుల షెడ్డు పెట్టుకున్న మెకానిక్. అందరూ ఉస్తాద్ అని పిలిచేవారు. తరువాత ఓ ఆదివారం బాబాయి పిన్నిని గుడికి తీసుకెళ్ళడానికి బండి అడిగి, మధ్యాహ్నానికి తెచ్చి ఇచ్చాడు. "అన్నయ్యగారూ, క్లచ్ లివర్ మరీ ఊగులాడుతోంది. బిగించేశాను. ఇప్పుడు చూడండి, వీణ తీగలా ఉంది" అన్నాడు. ముఖం నిండా సబ్బు నురగతో అద్దం ముందున్న నాన్న "ఊఁ" అన్నారు. ఆ తరువాత రోజూ ఎవరో ఒకరు ఆ బండి తీసుకుంటూనే ఉన్నారు. లాగడం లేదండీ అని ఒకరిద్దరు అన్నారు కూడా. పెట్రోలులో నీళ్ళు కలుస్తున్నాయని ఒకరు తేల్చేశారు.

పిన్నికి రక్తస్రావం మొదలైంది పట్టపగలు. డిస్పెన్సరీ నర్సు చూసి, వెంటనే సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. ఫ్యాక్టరీ వ్యాను ఊళ్ళో లేదు. నాన్న షిఫ్టులో ఉన్నారు. అమ్మ తాళం తీసి బాబాయికి ఇచ్చింది. పిన్ని కూర్చోలేక వాలిపోతుంటే, తన పాత చీర తెచ్చి ఆవిడను బాబాయి నడుముకు కట్టింది. బండి గేటు దాటి మలుపు తిరిగేదాకా నాకు ఆ చీర ముడి కనిపిస్తూనే ఉంది.

మిగతాది బాబాయి ఏడుస్తూ చెబితే విన్నది. పోతిరెడ్డిపల్లి దగ్గర, ఇక ఊరు వచ్చేసినట్టే అనుకుంటుండగా, రోడ్డు కాస్త ఎత్తెక్కే చోట ఇంజన్ గట్టిగా అరవడం మొదలుపెట్టిందట. ఎంత అరిచినా చక్రానికి బలం చేరదు. మొదటి గేరు వేసినా అంతే. కాలుతున్న వాసన. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారట. "గా మోత ఆపయ్యా! ఆమె పానం పోతాంటే ఇంకా బండి పట్టుకోని ఏంజేస్తున్నవ్? దించు జల్దీ, ఎడ్లబండి కడుతరు" అని ఒకావిడ కసిరిందట. వాళ్ళే ముడి విప్పి పిన్నిని దించారు. ఎడ్లబండి ఆస్పత్రి చేరేసరికి పిన్నీ లేదు, కడుపులో బిడ్డా లేదు.

దహనం అయిన మరునాడు ఎవరో ఆ స్కూటర్‌ను లారీలో వేసుకొచ్చి మా గుమ్మం ముందు దించారు. లైనంతా అప్పటికే తీర్పు చెప్పేసింది. ఉస్తాద్ మోసం చేశాడు. ఇక్కడివాళ్ళను నమ్మితే ఇంతే. మనవాళ్ళెవరైనా షెడ్డు పెట్టి ఉంటే ఇలా జరిగేదా?

ఆ మధ్యాహ్నం నాన్న ఒక్కరే బండి దగ్గర కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే పొమ్మనలేదు. నా చేతికి గుడ్డ ఇచ్చారు. ఆ గంటసేపు ఆయన నాతో మాట్లాడినంతగా మరెప్పుడూ మాట్లాడలేదు. ఆయన మాటలు వేటికవి గుర్తులేవు కానీ, వరస గుర్తుంది. ముందు విప్పకూడదు. ముందు పైనుంచి అడగాలి. లాగనప్పుడు తప్పు ఇంజన్‌లో ఉండొచ్చు, గేర్లలో ఉండొచ్చు, రెంటి మధ్య ఉన్న క్లచ్‌లో ఉండొచ్చు. ఇంజన్ అరిచింది కాబట్టి దాన్ని వదిలెయ్. గేర్లు ఒక్కొక్కటే వేసి చూశారు. ప్రతిదీ టక్కున పడింది, గరగర లేదు, జారి బయటికి రాలేదు. గేర్లను కూడా వదిలెయ్. తరువాత మొదటి గేరులో పెట్టి, లివర్ ముట్టుకోకుండా, ఇంజన్ ఆపి ఉన్న బండిని ముందుకు తోశారు. క్లచ్ పట్టి ఉంటే చక్రం మొరాయించాలి, తోసేవాడికి చుక్కలు కనబడాలి. బండి మాత్రం బొమ్మబండిలా కదిలిపోయింది. నన్ను తొయ్యమన్నారు. నేను తోసినా కదిలింది.

క్లచ్ జారుతోంది. సరే, ఎందుకు? నాన్న లివర్ మీద ఒక్క వేలు వేసి నన్నూ వెయ్యమన్నారు. అది బిగుసుకుపోయి ఉంది. లివర్ మొదట్లో కాస్త ఖాళీగా ఆడాలట. ఆ కాస్త వదులు లేకపోతే, మనం చెయ్యి తీసేసినా వైరు లోపల ప్లేట్లను కొద్దిగా విడదీసే పట్టుకుంటుంది. అవి పూర్తిగా కలవవు, ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ వేడెక్కి కాలిపోతాయి. అందుకే అక్కడ వదులు తప్పు కాదు, అవసరం. ఈ మాట చెబుతూనే ఆయన వైరు వెంబడి చివరిదాకా వేలు పోనిచ్చారు. వైరు చివర నట్టు కొత్తగా మెరుస్తోంది, పానా పట్టిన అంచులు తెల్లగా గీసుకుపోయి ఉన్నాయి. వీణ తీగ మాట నాకూ గుర్తొచ్చింది.

నాన్న పానా తెచ్చి ఆ నట్టుకు పట్టించారు. దాన్ని వదులు చేశారు. లివర్ ఎంత ఆడాలో అంతే ఆడేలా సరిచేశారు. అది పరీక్ష కోసమే అనుకున్నాను. అయితే అంతటితో ఆగలేదు. ఇంజన్ కింద పేరుకున్న నల్లటి జిడ్డు వేలితో తీసి, ఆ మెరిసే నట్టుకు చుట్టూ పూశారు. గుడ్డ ఇమ్మని నా వైపు చెయ్యి చాచారు కానీ, ముఖం చూడలేదు.

పొద్దు వాలకముందే ఉస్తాద్ తనంతట తానే వచ్చాడు. పారిపోవాల్సినవాడు అలా వస్తాడా అని ఒక్కరైనా అనుకోలేదు. లైనులో మగవాళ్ళంతా చుట్టూ చేరారు. ఇద్దరు బాబాయిని రెక్క పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టారు.

"సార్, బండి సూడనియ్యుండ్రి. నా తప్పుంటే గీడనే తన్నుండ్రి, తన్నులు తిని పోత. తప్పు లేకుంటే గా ముచ్చట గీ నలుగురి ముంగట చెప్పుండ్రి" అన్నాడు నాన్నతో.

"తన్నులు ఎక్కడికీ పోవులేరా, ముందు విప్పు" అన్నారెవరో.

ఉస్తాద్ మొదట లివర్ పట్టుకున్నాడు. మా నాన్న పట్టుకున్నట్టే, ఒక్క వేలుతో. లివర్ చక్కగా ఆడింది. అతను ఆశ్చర్యపోయి మళ్ళీ ఆడించాడు. అప్పుడు బండిని పక్కకు వాల్చి, మూత విప్పి ప్లేట్లు తీశాడు. కాలిన ఆయిల్ వాసన గుప్పుమంది. ప్లేట్లు నల్లబడిపోయి ఉన్నాయి.

"గివి నేనేసినయే. కొత్తయే సార్. అరిగితే సన్నగైతయి గద, గివి అరగలే, కాలినయ్. లివర్ సూస్తే మంచిగున్నది. మరి ఎట్ల కాలినయ్?" అన్నాడు. ఎవరినీ కాదు, ప్లేట్లనే అడుగుతున్నట్టు.

"దొంగ సరుకు వేస్తే కాలక కాపురం చేస్తాయా?" అన్నారు వెనక నుంచి.

"సార్, మీరు మెషిన్ల మనుషులు. మీకు ఎర్క ఉంటది. మీరు చెప్పుండ్రి" అని నాన్న వైపు తిరిగాడు ఉస్తాద్.

నాన్న అందరినీ చూసి, "ప్లేట్లు కాలిపోయాయి" అన్నారు. అంతే. ఆ మాటలో అబద్ధం లేదు. అందరూ మాత్రం వాళ్ళకు కావలసిందే విన్నారు. "నాన్నా, ఆ నట్టు..." అని నేను అరిచేలోపే అమ్మ అరచెయ్యి నా నోటి మీద పడింది. నన్ను లోపలికి ఈడ్చుకెళ్ళి తలుపు వేసింది. బయట దెబ్బల చప్పుడు, ఆపండి ఆపండి అని నాన్న గొంతు వినిపించాయి.

తరువాత ఉస్తాద్ షెడ్డుకు మా లైను నుంచి ఎవరూ వెళ్ళలేదు. తక్కిన లైన్లూ మానేశాయి. కొన్నాళ్ళకు ఆ రేకుల కింద టీ కొట్టు వెలిసింది. నేను కాలేజీలో చేరాక ఒకసారి పనిగట్టుకుని వెళ్ళి, ఉస్తాద్ ఎక్కడున్నాడని అక్కడ అడిగాను. "ఎవలు, గా కడుపుతోటున్న పిల్లను సంపినాయననా? ఎటు వోయిండో ఎవనికెర్క" అన్నాడు కొట్టతను, చాయ వడపోస్తూ. మావాళ్ళు అల్లిన కథ అతని ఊరివాళ్ళ నోటికి కూడా ఎక్కేసింది.

ఆ రోజే ఇంటికొచ్చి నాన్నను నిలదీశాను. ఆయన దాచలేదు. నాకు అప్పటిదాకా తెలియని సంగతి చెప్పారు. దహనం మరునాడు తెల్లవారుతూనే బాబాయి కనిపించకపోతే, వెతికి వెతికి తెల్లాపూర్ దగ్గర రైలు పట్టాల మీద నుంచి లేపుకొచ్చారట. "నీ చేత్తోనే నీ భార్యను పోగొట్టుకున్నావని అదే సాయంత్రం వాడికి చెప్పమంటావా అమ్మలూ?" అన్నారు. మరి ఉస్తాద్ సంగతేమిటన్నాను. చేతిలో పనున్నవాడు, ఎక్కడైనా బతుకుతాడనుకున్నానన్నారు. బిగించానని బాబాయి చెప్పినప్పుడు సబ్బు నురగలోంచి "ఊఁ" అన్నది మీరే కదా, ఆ తరువాత ఒక్కసారైనా లివర్ చూశారా, నట్టుకు జిడ్డు పూసింది ఎవరి కోసం అన్నాను. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆయన పోయేదాకా ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు.

ఈ కథ చెబితే కొందరు, జీవితంలో కూడా కాస్త వదులు ఉండాలని మీ నాన్నగారు నేర్పారన్నమాట అని తలూపుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి చచ్చిపోయిన చోట సూక్తులు ఏరుకోవడం నాకు చేతకాదు. నేను నేర్చుకున్నది వేరు. ఎవరిదైనా తప్పని పదిమంది ఒక్క గొంతుతో అంటే, నేను మొదట అడిగేది, అంతకు ముందు చివరగా చెయ్యి పెట్టింది ఎవరని. పైనుంచి ఒక్కొక్కటే వదిలేసుకుంటూ పోతాను. ఈ అలవాటు వల్ల ఆఫీసులో, చుట్టాల్లో నాకు గయ్యాళి అని పేరొచ్చింది. రానీ.

ఇంతా చేసి, తేలనిది ఒకటి మిగిలిపోయింది. ఆ సాయంత్రం ఉస్తాద్ ఒక్క వేలుతో లివర్ ఆడించినప్పుడు బాబాయి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. దాన్ని కదలకుండా బిగించింది ఆయనే. ఇప్పుడేమో అది వదులుగా ఊగుతోంది. ఫిట్టరు ఆయన, పసిపిల్లాడు కాదు. ఎవరో మళ్ళీ వదులు చేశారని, ఎందుకు చేశారో కూడా ఆ క్షణంలో అర్థమైపోయిందా? అర్థమై కూడా, ఆ మనిషిని కొడుతుంటే చూస్తూ ఊరుకున్నాడా?