సావంత్రెవ్వ కుడి భుజం

గదగ పత్తి మార్కెట్టు వెనక సందులో సావంత్రెవ్వ ఖానావళి ఉంది. పదకొండింటికి పొయ్యి ముందు కూర్చుంటే మధ్యాహ్నం మూడు దాటేదాకా ఆమె లేచేది కాదు. లారీల వాళ్లు, హమాలీలు, పత్తి అమ్ముకోవడానికొచ్చిన రైతులు బెంచీల మీద వరసగా కూర్చుని తింటుంటే, ఆమె జొన్నపిండి ముద్దను చెక్కపళ్లెంలో పెట్టి, కుడి అరచేత్తో తట్టి తిప్పి, తట్టి తిప్పి, కాగితమంత పల్చగా చేసి పెనం మీద వేసేది. రోజుకు రెండొందల యాభై రొట్టెలు. పెళ్లయిన మరుసటేడు మొదలుపెట్టిన పని, ఇరవై రెండేళ్లయింది. భర్త ఫకీరప్ప వడ్డన చూసుకునేవాడు.

శ్రావణమాసంలో ఒకరోజు అటక మీది పిండిడబ్బా అందుకోబోతే కుడి భుజం చురుక్కుమంది. బరువైన పని చేసే చెయ్యి, ఎక్కడో పట్టేసి ఉంటుందిలే అనుకుని వేడినీళ్ల కాపడం పెట్టుకుంది. నాలుగు రోజుల్లో పోతుందనుకున్న నొప్పి నెల తిరిగేసరికి మోచేతి దాకా పాకింది. కుడివైపు ఒత్తిగిలి పడుకోలేదు. రవికలో చెయ్యి దూర్చాలంటే పళ్లు బిగబట్టాల్సిందే. కొప్పు ముడి వేసుకోవడానికి చెయ్యి మెడ వెనక్కి పోదు.

"ఏమక్కా, ఇయ్యాల రొట్టె నా చెప్పంత మందంగా ఉండాదే!" అన్నాడొక హమాలీ.

"నీ పండ్లు గట్టివని చేసినాలే, తిను," అంది సావంత్రెవ్వ. బెంచీలన్నీ నవ్వాయి. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుని చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

ఫకీరప్ప ఊరుకోలేక ఆమెను గరిడీ ఇంటి వస్తాదు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎందరో కుస్తీ పిల్లల కీళ్లు సరిచేసిన చెయ్యి ఆయనది. నువ్వులనూనె రాసి, ఆమె వీపుకు మోకాలు ఆనించి, చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆమె కేకకు బయట కట్టేసిన బర్రె కూడా బెదిరింది.

"అయిపాయె తల్లీ, పట్టిన నరం వదిలింది. రేపటికి చూడు," అన్నాడు వస్తాదు.

మర్నాటికి చెయ్యి రొమ్ము ఎత్తు కూడా లేవలేదు.

అప్పుడు పోయారు పెద్దాసుపత్రికి. ఎముకల డాక్టరమ్మ పడుచుది. సావంత్రెవ్వను చెయ్యి ఎత్తమంది. లేవలేదు. చెయ్యి వదులుగా పెట్టమని తానే మెల్లగా ఎత్తి చూసింది. చెయ్యి రొమ్ము కిందే ఆగిపోయింది.

"చూడమ్మా, కండ తెగి ఉంటే నేనెత్తితే పైకొస్తుంది. ఇది నేనెత్తినా రావట్లేదు. కీలు చుట్టూ ఉండే పొర వాచి బిగుసుకుపోయింది. షుగరుందా?"

"ఉండాది. మాత్ర ఒకరోజు యేసుకుంటా, ఒకరోజు మర్చిపోతా."

"షుగరున్నోళ్లకే ఇది ఎక్కువొస్తుంది. ఎవరైనా లాగారా?"

ఫకీరప్ప తల వంచుకున్నాడు.

"ఇంకెవరితోనూ లాగించొద్దు. సూది మందుంది గానీ దాంతో షుగరు పెరుగుతుంది, ముందు అది అదుపులోకి రావాలి. రోజూ వేడి కాపడం పెట్టుకో. ఎడం చేత్తో బల్ల పట్టుకుని వంగి, కుడి చేతిని బావిలో చేద ఊగినట్టు ఊగనీ. గోడ మీద వేళ్లు నడిపిస్తూ పైకి పో. నొప్పి మొదలైన చోట ఆగు, కానీ మానొద్దు."

"ఎన్ని దినాలకు తగ్గుతుందమ్మా?"

"దినాలు కాదు. ఏడాది. కొందరికి రెండేళ్లు."

"రెండేండ్లా! నేను రొట్టెలు చేసి బతికే మనిషిని తల్లీ!"

డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది.

ఫకీరప్ప చెల్లెలు కల్లవ్వ హులకోటి నుంచి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. ఆమె రొట్టెలకు అంచులు పగిలేవి. సావంత్రెవ్వ పక్కన కూర్చుని ఎడంచేత్తో ఉల్లిగడ్డలు ఒలుస్తూ, "నీళ్లు ఇంకొంచెం వేడిగా పోయ్ కల్లీ, పిండి ఇంకా కలుపు," అంటుండేది. పదోసారికి కల్లవ్వ చెయ్యి కడుక్కుని లేచింది. "వదినా, చెయ్యి చూస్తే నున్నగా ఉండాది, వాపు లేదు, కట్టు లేదు. నువ్వే చేసుకోరాదా?"

సావంత్రెవ్వ ఇంకో ఉల్లిగడ్డ అందుకుంది. ఏం చూపించాలి? మర్నాడు కల్లవ్వే ఏమీ జరగనట్టు వచ్చి పిండి కలిపింది. తిండికొచ్చిన వాళ్లు పగిలిన రొట్టెలే విరుచుకుని, గుత్తొంకాయ నంజుకుని, తిని వెళ్లిపోయారు. సావంత్రెవ్వకు అన్నిటికంటే అదే ఎక్కువ నొప్పి అనిపించింది.

పొద్దున్నే కొప్పు ఫకీరప్ప ముడేసేవాడు. గడ్డిమోపు కట్టినట్టు బిగించేవాడు.

"మెల్లగయ్యా, ఎద్దుననుకుంటివా!"

"ఎద్దయితే కదలకుండా నిలబడుతుంది," అనేవాడు. ఒకరోజు ఆ మాటకు ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. అతను దువ్వెన పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

రోజూ పూట పూటా ఆమె వంటింటి గోడ మీద వేళ్లు నడిపించింది. ఆగిన చోట బొగ్గుతో గీత గీసింది. సంక్రమణం దాటింది, ఉగాది దాటింది, గీత బెత్తెడు కూడా కదల్లేదు. ఎండలు ముదిరాక నొప్పి తగ్గింది, బిగువు మాత్రం పోలేదు. వానలు పడ్డాక ఒక వేలు గీత దాటింది. దీపావళి నాటికి తల మీద నీళ్లు తనే పోసుకుంది. ముప్ఫై రొట్టెలు చేయగలిగింది. ముప్ఫై ఒకటోది సగం తట్టేసరికి చెయ్యి బరువెక్కి వాలిపోయింది. మిగతావి కల్లవ్వే చేసింది.

కార్తీకంలో ఒక ఉదయం తడిబట్ట పిండుతూ సావంత్రెవ్వ ఆగిపోయింది. ఈసారి ఎడమ భుజం. మళ్లీ పిండి చూసింది. అనుమానం లేదు.

"ఏమాయె?" అన్నాడు ఫకీరప్ప.

"ఇదీ మొదలాయె."

అతను బట్ట అందుకుని పిండి, దండెం మీద ఆరేశాడు. "నడువు. ఈసారి వస్తాదు లేడు, గిస్తాదు లేడు. ఇప్పుడే పోదాం."

"పోయి ఏం లాభం? మళ్లా గోడే గదా ఎక్కమనేది!"

అన్నదే గానీ చెప్పులు వేసుకుంది. ఆసుపత్రిలో చీటీల వరస గేటు దాకా ఉంది. ఇద్దరూ దాని చివర నిలబడ్డారు.