కాసులమ్మ దేశం మారిందట

జాలరిపేట కాసులమ్మ దేశం మార్చేసుకుందని సోమవారం తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో చెప్పుకున్నారు. ఎండెక్కేసరికి ఆ మాట పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలు అమ్మే వరస దాకా వెళ్ళింది.

"మన కాసులమ్మ నేదూ, యూనివర్సిటీకి సేపలట్టుకెల్తాది, ఆవిడ ఆఫ్రికా దేసంలో కలిసిపోనాదంట. కాయితం మీద ఏలిముద్ర కూడా ఏసీసినాదంట" అని ఒకరన్నారు. రేషను కార్డు తీసేశారని ఇంకొకరు కలిపారు. మధ్యాహ్నానికి విమానం టిక్కెట్టు కూడా వచ్చేసింది. రుజువు కావాలన్నవాళ్ళకి ఫోన్లలో ఫోటో ఉండనే ఉంది. నలుపూ పసుపూ పువ్వుల గుడ్డ భుజాల చుట్టూ కప్పుకుని, ఎవరూ ఎరగని జెండా కింద నిలబడి, కాసులమ్మ నోరంతా తెరిచి నవ్వుతోంది.

అన్ని మాటల్లోకీ కాసులమ్మకి కోపం తెప్పించింది వేలిముద్ర అన్న మాట ఒక్కటే. ఆవిడకి సంతకం పెట్టడం వచ్చు.

కాసులమ్మకి యాభై రెండేళ్ళు. మొగుడు రాము మరబోటు ఎక్కితే వారానికో పదిరోజులకో గాని ఒడ్డుకి రాడు. ఆవిడ చీకటితోనే హార్బర్‌కి వెళ్ళి, వేలంలో సరుకు పాడుకుని, ఐసు కొట్టించి, ఏడు గంటలకల్లా సత్తు బేసిన్‌తో యూనివర్సిటీ గేటు దగ్గర ఆటో దిగుతుంది. ఇరవై మూడేళ్ళుగా ఇదే వరస. ఏ క్వార్టర్‌లో ముళ్ళు లేని చేప కావాలో, ఏ మేష్టారు భార్యకి తెలియకుండా రొయ్యలు తింటారో ఆవిడకి తెలుసు. లెక్క ప్రకారం చేపలు ఇచ్చాక ఇంకొకటి తీసి పైన పడేస్తుంది. ఆ కొసరు వెయ్యకపోతే చేతికి తోచదు.

నీమా ఆవిడకి రెండేళ్ళ కిందట పరిచయమైంది. ఆ పిల్లది టాంజానియా దేశం, సముద్రం పక్కనే టాంగా అనే ఊరు. ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతోంది. మొదటి రోజు బేసిన్ దగ్గర గొంతుక్కూర్చుని, ఎవరూ చెప్పకుండానే చేప మొప్ప ఎత్తి రంగు చూసింది. కన్ను నొక్కి చూసింది. తరువాత బేసిన్ అడుగునున్న చేప కావాలని వేలు చూపించింది.

"ఓలమ్మ, దీనికి పని తెలుసు" అంది కాసులమ్మ. పై వరసలో పెట్టేది నిన్నటి సరుకని కొనేవాళ్ళు ఎవరూ అప్పటిదాకా కనిపెట్టలేదు.

అప్పట్నించి నీమాకి కాసులమ్మ పిన్ని అయింది. తెలుగు కూడా బేసిన్ దగ్గరే నేర్చుకుంది. ఆదివారాల్లో పేటకి వచ్చి, ఒడ్డుకి లాగే పెద్ద వల దగ్గర నిలబడేది. నిలబడి చూడమంటే చూసేది కాదు, తాడు పట్టుకునేది. ఇసుకలో మడమలు దిగబెట్టి వెనక్కి వాలి లాగడం చూసి కాసులమ్మ బావగారు పైడయ్య, "ఇది మన పిల్లలాగే లాగతాది" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అరుదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం నీమా చేపలు కొనలేదు. బేసిన్ పక్కన కూర్చుని చేతులు కట్టుకుంది.

"ఏటే, ఒంట్లో బాగోనేదా?"

"ఆదివారం డైవర్సిటీ డే పిన్నీ. ఎవలి దేసం స్టాలు ఆల్లు పెడతారు. పోనేడు మావోల్లు అయిదుగురం ఉన్నాం. సీనియర్లు నలుగురూ ఎల్లిపోనారు. నానొక్కదాన్నే. అయిదుగురు నేకపోతే స్టాలు ఇవ్వరంట. రేపు సాయంత్రం అయిదుకి పేర్లు ఆకరు."

"ఇవ్వకపోతే ఏటవుద్ది?"

"ఏటీ అవదు. అమ్మ మసాలా పంపింది, గుడ్డ పంపింది. ఆ రోజు ఫోన్‌లో సూత్తానంది. ఇది నాకు ఆకరి ఏడు." అని లేస్తూ, "గది తలుపేసుకుని పడుకుంటాను" అంది.

కాసులమ్మ బేసిన్ నెత్తికెత్తుకుంది. ఆ రోజు రెండు ఇళ్ళలో కొసరు వెయ్యడం మరిచిపోయింది.

శుక్రవారం నాలుగున్నరకి ఆవిడ మనుషుల్ని వెంటబెట్టుకుని యూనివర్సిటీ గేటు దగ్గర దిగింది. పైడయ్య ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. పక్కింటి గంగాలమ్మ పెళ్ళికి కట్టే చీర కట్టుకుంది. కాసులమ్మ కూతురు ధనశ్రీ, పదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల, అందరికంటే వెనక తల దించుకుని వచ్చింది. గేటు కాపలా వీర్రాజు వాళ్ళని చూసి నవ్వాడు.

"ఏటి కాసులమ్మప్పా, బేసిన్ నేకుండా ఊరేగింపు?"

"మాటలు తరవాత. పేర్లు రాసే ఆపీసెక్కడ, సూపించు."

వీర్రాజు దగ్గరుండి తీసుకెళ్ళాడు. ఇంకోసారి అడిగి చూద్దామని వచ్చిన నీమా గుమ్మంలో వీళ్ళని చూసి పక్కకి జరిగి దారిచ్చింది. లోపల బల్ల దగ్గర నిఖిత అనే విద్యార్థిని పేర్లు రాసుకుంటోంది. వెనక కుర్చీలో కృష్ణంరాజు మేష్టారు కాగితాలు తిరగేస్తున్నారు. ఉత్సవం బాధ్యత ఆయనదే.

"నీమా స్టాలుకి అయిదుగురం వచ్చీసినాం. రాసుకో తల్లీ" అంది కాసులమ్మ.

నిఖిత అర్థం కానట్టు చూసింది. "స్టాలు పెట్టేవాళ్ళు ఐదుగురూ ఒకే దేశం వాళ్ళయినా, ఒకే రాష్ట్రం వాళ్ళయినా, ఒకే ఊరివాళ్ళయినా ఉండాలండి. మీరు టాంజానియా వాళ్ళు కాదు కదా."

"కాకపోతే ఏటి, నువ్వు రాసీ. మా నలుగురినీ ఆల్ల దేసంలో కలిపీ. సంతకం నాను పెడతాను."

గుమ్మంలో నిలబడ్డ వీర్రాజు నోరు తెరిచాడు. అంతలో గేటు దగ్గర షామియానా గుంజలు తెచ్చిన లారీ హారన్ కొట్టింది. అతను విన్నంతవరకు విని పరుగెత్తాడు.

నిఖిత నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దేశం పేరు మీద అయితే ఐదుగురి పాస్‌పోర్ట్ కాపీలూ కావాలండి."

"పాసుపోర్టా?" అంది గంగాలమ్మ. "రేసన్ కార్డులోనే నా పేరు పక్కన మగ అని రాసీసినారు. ఆరేళ్ళనుంచి మగాన్నై ఉన్నాను."

గోడ గడియారం ఐదుకి పావు తక్కువ చూపిస్తోంది. నీమా సంచిలోంచి బయటికి తీసిన పువ్వుల గుడ్డని మళ్ళీ మడత పెడుతోంది. అంచుకి అంచు కలిపి, మళ్ళీ మడిచి, అరచేతంత చేసింది. "రండి పిన్నీ, ఎల్లిపోదాం" అంది.

అప్పుడు పైడయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఊరన్నావు కదమ్మా. ఒకే ఊరోల్లయినా సాలని. బయట బేనర్ మీద కూడా ఉంది, ఈ ఏడు సుట్టుపక్కల పేటలోల్లకీ స్టాలు ఇత్తామని. మా పాప సదివి సెప్పినాది."

ధనశ్రీ ఇంకా కిందికి చూసింది. కృష్ణంరాజు మేష్టారు తలెత్తారు.

"అవునండీ. మీ నలుగురూ జాలరిపేట, ఒప్పుకుంటాను. ఈ అమ్మాయి?"

"ఊరోల్లంటే పుట్టినోల్లేనా బాబూ?" అన్నాడు పైడయ్య. "మా ఒడ్డున పెద్దవల లాగినప్పుడు తాడట్టుకున్నోడికి వాటా. ఏ ఇంటోడివి, ఎవలి సుట్టానివి అని అడగం. వాటా తీసుకున్నోడు మావోడు. గంగమ్మకి పండగ సేత్తే ఆడి పేరున కూడా కొబ్బరికాయ కొడతాం. మా తాతల నాటినుంచి అంతే. ఈ పిల్ల ఎనిమిది ఆదివారాలు తాడట్టుకున్నాది. ఎనిమిదిసార్లూ వాటా అట్టుకెల్లినాది. మా పేటలో ఎవుల్నైనా అడగండి."

మేష్టారు నీమా వైపు తిరిగి, ఇంగ్లీషులో కాక తెలుగులోనే అడిగారు. "వాటాలో ఏమొచ్చాయి నీకు?"

"కవళ్ళని సిన్న సేపలు. ఒకపాలి పీతలొచ్చాయి సార్. ఒకటి కరిసీసినాది." బొటనవేలి మీద మచ్చ చూపించింది. "గంగాలమ్మప్ప పసుపు రాసినాది. అయినా తినీసినాను దాన్ని."

మేష్టారు గట్టిగా నవ్వేశారు. "పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, ఈ తెలుగు నాకింకా పట్టుబడలేదు. నిఖితా, కొత్త ఫారం ఇవ్వమ్మా."

ధనశ్రీ బల్ల దగ్గరికి వచ్చి పెన్ను అందుకుంది. పరీక్ష రాసిన తరువాత కాగితం నింపడం అదే మొదలు. అయినా అక్షరం వంకర పోలేదు. నాలుగు పేర్లు రాసి, ఐదో వరస తను రాయకుండా పెన్ను నీమాకిచ్చింది. కాసులమ్మ సంతకం గడి దాటి పక్క గడిలోకి కూడా వెళ్ళింది. నిఖిత ఫారం మీద ముద్ర కొట్టేసరికి ఐదుకి ఇంకా రెండు నిమిషాలుంది.

బయటికి వచ్చాక నీమా ఎవరినీ పట్టుకోలేదు, ఏడవలేదు. మడత పెట్టిన గుడ్డని ఒక్క దులుపు దులిపి కాసులమ్మ భుజాల చుట్టూ కప్పింది.

ఆదివారం పొద్దున్నే మైదానమంతా రంగులే. ఒక పక్క నేపాల్ పిల్లలు టోపీలు పంచుతున్నారు. అస్సాం పిల్లల డోళ్ళు మోగుతుంటే ఎదురుగా మణిపూర్ ఆడపిల్లలు అడుగులు కలిపి చూసుకుంటున్నారు. స్టీల్‌ప్లాంట్ కాలనీల్నించి వచ్చిన గోదావరివాళ్ళు పూతరేకులు పేర్చారు. కాసులమ్మ ఇరవై మూడేళ్ళుగా నడిచిన దారే అది, అయినా ఆ రోజు ఎటు చూడాలో తెలియలేదు. ప్రతి డప్పుకీ ఆవిడ తల అటు తిరిగింది.

"ముందు నూనె సూడవే, మాడిపోతన్నాది" అని గంగాలమ్మ అరవాల్సి వచ్చింది.

పొయ్యిల ముందు ఇద్దరు వంటగత్తెలు. కాసులమ్మ కారం దట్టించిన వంజరం ముక్కలు వేయిస్తోంది. నీమా అమ్మ పంపిన మసాలా వేసి, కొబ్బరిపాలు పోసి పులుసు కాస్తోంది. పక్కన మొక్కజొన్న పిండితో గట్టి ముద్ద తిప్పుతోంది. దాని పేరు ఉగాలీ అట. గంగాలమ్మ వేలితో తీసి రుచి చూసి, ఇంట్లో రాగులతో కాసే అంబలి గుర్తొచ్చి, "మన సోడంబలి గట్టిపడితే ఇదే కదేటి. దీనికి విమానమెక్కి రావాలా" అంది. అని మళ్ళీ తీసుకుంది.

పదకొండింటికి టాంగా నుంచి వీడియో కాల్ వచ్చింది. నీమా వాళ్ళమ్మ తెరలో ముందు స్టాలు మీద కట్టిన టాంజానియా జెండా చూసింది, తరువాత కూతుర్ని చూసింది, ఆ తరువాత తను పంపిన గుడ్డలో ఉన్న కాసులమ్మని చూసింది. ఆవిడ భాష రాని కాసులమ్మ వంజరం తోక పట్టి ఎత్తి చూపించింది. తెరలో ఆవిడ లేచి లోపలికెళ్ళి, తన వంటింట్లోంచి ఇంకో చేప తెచ్చి ఎత్తి చూపించింది.

"ఆవిడది సిన్నది" అంది కాసులమ్మ ధనశ్రీ చెవిలో, చాలా తృప్తిగా. అప్పుడు జెండా కింద నోరంతా తెరిచి నవ్విన అమ్మని ధనశ్రీ ఫోటో తీసింది.

స్టాలుకో పది నిమిషాలు ఏదైనా చేసి చూపించాలన్నారు. పైడయ్య పాత వల, పొడుగాటి తాడు తెచ్చాడు. మైదానం ఆ కొసన వల పరిచి, ఈ కొసన తాడు పట్టుకుని కేక వేశాడు. ముందు నీమా పట్టుకుంది, తరువాత అస్సాం డోళ్ళవాళ్ళు, నేపాల్ టోపీలవాళ్ళు. నిఖిత చెప్పులు వదిలేసి వచ్చింది. మేష్టారు వద్దు వద్దంటూనే ప్యాంటు మడిచారు. పైడయ్య కేకకి రెండు వందల గొంతులు వంత పలికాయి. లాగేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు, లేచారు, మళ్ళీ లాగారు. చేపలేని వల గడ్డి మీద జరజరా వచ్చేసింది.

అంత ఊపులో పైడయ్య అలవాటు కొద్దీ ఒడ్డున అనే మాటే అనేశాడు. "తాడట్టుకున్నోల్లందరికీ వాటా. రండి, వరస కట్టండి."

కాసులమ్మ పళ్ళెం వైపు తిరిగింది. వాటా అన్నాక లేదనడం వాళ్ళ పేటలో లేదు. పళ్ళెంలో ఎనభై ముక్కలుంటే ఎదురుగా రెండు వందలమంది.

"నీ నోట్లో ఇసకొయ్య బావా" అని, ఆవిడ కత్తిపీట ముందుకి లాక్కుంది. ముక్కని రెండు చేసింది, రెండుని మూడు చేసింది. గంగాలమ్మ ఉగాలీని నిమ్మకాయంత ఉండలు చుట్టింది. నీమా మిగిలిన కొబ్బరిపాలన్నీ పులుసులో పోసేసింది. ధనశ్రీ ఆకులు అందిస్తూ, తల దించుకోవడం మరిచిపోయి, "తోసుకోకండి, అందరికీ ఉంది" అని గొంతెత్తి అరిచింది. ఆ పిల్ల గొంతు అంతుంటుందని కాసులమ్మకి అప్పటిదాకా తెలియదు.

అందరికీ వచ్చింది. గోరంత ముక్క, దాని మీద చెంచాడు పులుసు. చివర వచ్చిన మేష్టారి ఆకులో ముక్క వేశాక కాసులమ్మ చెయ్యి ఊరుకోలేదు. గిన్నె అడుగు గీకి ఇంకాస్త వేసింది.

ఆ ఫోటో ఆ సాయంత్రమే ఫోన్లలో పడింది. వీర్రాజు దాన్ని చూసి, శుక్రవారం గుమ్మంలో తను విన్న ముక్కని దానికి జతచేసి హార్బర్‌లో తన తమ్ముడికి చెప్పాడు. అక్కణ్ణించి ఏమైందో ముందే చెప్పుకున్నాం.

ఆ ఫారం మేష్టారి గదిలో ఫైల్లో ఉంది. అందులో కాసులమ్మ దేశమేదీ మారలేదు. ఐదో వరసలో, ఊరు అన్న చోట, నీమా తన చేత్తో జాలరిపేట అని రాసుకుంది.