జొన్నకు మల్లె

మల్లె మాట వింటే అందరికీ వాసన గుర్తొస్తుంది. నాకు సిగ్గు గుర్తొస్తుంది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు అచ్చంపేట పక్క పల్లెల్లో వ్యవసాయ విస్తరణ అధికారిగా చేరాను. పుట్టి పెరిగింది నల్గొండ టౌన్లో. బుర్రనిండా చదువుంది గానీ కాళ్లకు మట్టి అంటింది తక్కువ. మెడలో కార్డు వేలాడుతుంటే మాత్రం నడకే మారిపోయేది.

ఒకరోజు పంచాయతీ ఆఫీసు ముందర రైతులతో కూర్చుని ఉన్నాను. ఒక అవ్వ వేళ్లతో సహా పీకిన జొన్న మొక్కను పట్టుకొచ్చింది. ఆమెకున్నది ఎకరన్నర చేను, రెండు బర్రెలు. ఆ జొన్నలే ఆమెకు రొట్టె, ఆ చొప్పే బర్రెలకు మేత.

"సారూ, జొన్నకు మల్లె పట్టింది. భూమిల పదునున్నా చేను వాడుతాంది. జర గీ యేర్లు సూడు."

నేను ఆకులు చూశాను. వేళ్లు చూడలేదు.

"మల్లె పడితే మంచిదే గదా అవ్వా, దండ గుచ్చి కొప్పుల పెట్టుకో" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అది పూతకు రాకముందే పీకాలె సారూ. మొలుస్తుంటే పీకియ్యాల్నా?"

"కలుపే లేని చేన్ల ఏం పీకుతవ్? ఇంకో వాన పడితే అదే తేరుకుంటది. పోయి తొక్కకు."

సారు చెప్పిండని ఆగింది. అంతే, ఆగిపోయింది పాపం.

మూడు వారాలకు ఆ దారిన పోతూ బండి ఆపాను. గిడసబారిన జొన్నల మొదళ్ల చుట్టూ జానెడేసి మొక్కలు, వాటినిండా చిన్న తెల్లటి పూలు. ఒకదాన్ని మెల్లగా తవ్వి తీస్తే దాని వేరు జొన్న వేరును కరుచుకుని ఉంది. అప్పుడు బుర్రకెక్కింది. స్ట్రైగా! పక్కమొక్క వేరు పీల్చి బతికే కలుపు. కాలేజీలో దాని బొమ్మ వేసి అయ్యవారి మెప్పు పొందినవాణ్ని. దుమ్ములాంటి దాని విత్తనం ఏళ్ల తరబడి భూమిలో బతికుంటుందని పరీక్షలో రాసినవాణ్ని. ఆ పేరు తెలుసు, మల్లె అన్న పేరు మాత్రం తెలియదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

తర్వాత పై అధికారి ఆ చేను చూడటానికి వచ్చాడు. అప్పటికే అవ్వ మేత చాలదని ఒక బర్రెను అంగడికి తోలింది.

"విత్తనం రాలిపడేదాకా ఏం జేస్తున్నరు? ఎవరూ చెప్పలేదా?" అని ఆయన గద్దించాడు. అవ్వ నా వైపు చూడనైనా చూడలేదు.

"సారు చెప్పిండు బిడ్డా. ముందుగాల్నే పీకుమన్నడు. నాకే శాతగాలె."

ఆయన నా వైపు తిరిగి, "చెప్పినవా?" అని అడిగాడు.

"చెప్పిన సార్" అన్నాను.