రేకుల ఇంట్లో మొదటి చలికాలం

మా చిన్నప్పుడు చెరకు పూత విచ్చిందంటే చాలు, మామ్మ కుంపట్లు చేయడానికి కూర్చునేది... నేను ఏటి ఒడ్డు నుంచి బంకమట్టి మోసుకొచ్చేదాన్ని. అందులో చెరకు పిప్పి కలిపి, కాళ్ళతో తొక్కి, మూడు చెవుల కుంపటి చేసి నీడలో ఆరబెట్టేది. ఈలోగా నాన్న జామకర్ర కాల్చి బొగ్గులు సిద్ధం చేసేవాడు. మా దీవిలో చలికాలం జూన్ చినుకులతోనే మొదలవుతుంది, ఆలోగా అన్నీ తయారుగా ఉండాలి.

అప్పటిదాకా మేం చెరకు తోట దొర ఇచ్చిన గడ్డి కొట్టంలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న మాంటాన్ బ్లాంష్ ఊళ్ళో చిన్న నేల ముక్క కొని ఇల్లు కట్టాడు. చెక్క పలకల గోడలు, రేకుల కప్పు... చూడ్డానికి ఊరంతా వచ్చింది. చలి వచ్చాక తెలిసింది దాని సంగతి. తెల్లారేసరికి రేకుల లోపలివైపు నీటిచుక్కలు పట్టి దుప్పట్ల మీద రాలేవి.

ఆ జూన్‌లోనే అమ్మకు పురుడొచ్చింది. తమ్ముడు పుట్టాడు.

బాలింతకు గాలి తగలకూడదు... ఇది మామ్మ మాట. మంచం కింద కుంపటి, చెవుల్లో దూది, మూసిన తలుపు. గడ్డి కొట్టంలో ఆమె ఐదుగురిని అలాగే కని పెంచింది. అందుకని ఆ మాటకు ఎదురులేదు.

గది సందులు మూసే పని నాకు అప్పగించింది. పేడ, మట్టి కలిపి పలకల మధ్య అద్దాను. రేకుల కింద గోనె ముక్కలు కుక్కాను. మామ్మ గోడ వెంట అరచెయ్యి జరుపుతూ చూసింది.

"ఒలే గుంటా, చీమ కూడా దూరదు! బడికెల్లే పిల్లకి పనేం వస్తాదిలే అనుకున్నాను" అని నవ్వింది.

ఆ మెప్పుకి నేను పొంగిపోయాను... మంచం తలవైపు, బియ్యం పెట్టె వెనక ఒక సందు మిగిలిపోయింది. నా చెయ్యి అందలేదు. ఆ సంగతి మామ్మకు చెప్పలేదు.

రెండోరోజు అమ్మ మూలిగింది. "అత్తా, తల పగిలిపోతోంది. కాసేపు తలుపు తియ్యవా?"

"ఎక్కడో గాలి కొట్టింది. ఓర్చుకో" అంటూ మామ్మ ఇంకో రెండు దోసిళ్ళ బొగ్గులు వేసి, పైన వాము చల్లింది.

తమ్ముడు ఏడవకుండా పడుకున్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "సూడు, వెచ్చదనానికి ఎలా రంగొచ్చాడో, దొరబిడ్డలాగ!" అని మామ్మ మురిసిపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం బడి నుంచి తడుస్తూ వచ్చి తలుపు తోశాను. అమ్మ బియ్యం పెట్టె వైపు ఒరిగిపోయి ఉంది. పక్కంతా వాంతి. పిలిస్తే పలకలేదు. నా కేకకు నాన్న పరుగున వచ్చి, అమ్మను ఎత్తుకుని వసారాలోకి తెచ్చాడు. చల్లగాలికి చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

తమ్ముడు తెరవలేదు. అప్పటికీ వాడి బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి.

మర్నాడు మామ్మ గదంతా వెతికింది. బియ్యం పెట్టె జరిపి, ఆ సందు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. "ఇదిగో... ఇక్కడినించే దూరింది గాలి. ఈ గుంట ఒగ్గేసింది."

నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అమ్మ మాత్రం కొన్నాళ్ళు నా తల దువ్వడం మానేసింది...

నాలుగేళ్ళు ఆ సందును మోశాను. తర్వాత ఒకరోజు బడిలో మా పంతులమ్మ, వెలిగే కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించింది. మంట కాసేపు కొట్టుకుని ఆరిపోయింది. "సార్బోన్ దా లసాం ఫెర్మే, లి తుయ్ దిమూన్" అని దీవి మాటలో అంది. మూసిన గదిలో బొగ్గులు మనుషుల్ని చంపుతాయని. ముందు తలనొప్పి వస్తుందట, తర్వాత వాంతులు, తర్వాత నిద్ర, పోయాక కూడా బుగ్గలు ఎర్రగానే ఉంటాయట...

గడ్డి కప్పులోంచి ఆ బొగ్గుల విషగాలి బయటికి పోయేది. రేకుల ఇంట్లో పోయే దారి లేదు. నేను వదిలేసిన సందు పక్కన తల పెట్టుకోబట్టి అమ్మ బతికింది. నేను బాగా మూసిన సందులు తమ్ముణ్ణి...

ఆ ఏడే మా చిన్నాన్న భార్యకు, అదే పిన్నికి, పురుడు. అదే గది, అదే మంచం. మామ్మ నిప్పులు రాజేస్తుంటే అడ్డం నిలబడి, పంతులమ్మ చెప్పినదంతా చెప్పాను.

"నాలుగు అచ్చరాలు వచ్చీసరికి నాకే పురుడు నేర్పుతున్నావేటి?" అంది మామ్మ.

"అది పుస్తకం చూసి బిడ్డను కూడా కంటుందిలే అత్తా!" అని మంచం మీంచి పిన్ని నవ్వింది.

అంతలో అమ్మ లోపలికి వచ్చింది. కొంగు చేతికి చుట్టుకుని, కుంపటిని చెవులు పట్టి ఎత్తి, వానలో పెరట్లో బోర్లించింది. తిరిగొచ్చి కిటికీ తెరిచింది.

"ఆ రోజు నా తల పగిలిపోయిందత్తా. తలుపు తియ్యమని అడిగాను గదా..."

మామ్మ తన అరచేతులు చూసుకుంది. "అయితే నేనేనా?" అంది.

పిన్ని కొడుకు ఇప్పుడు చెరకు గెడలు విరుచుకుంటూ ఊరంతా తిరుగుతున్నాడు. మామ్మ మాత్రం ఇంకో నాలుగు చలికాలాలు బతికి, ఒక్కసారైనా వాణ్ణి ఎత్తుకోలేదు. అడిగితే చేతులు కొంగులో దాచుకునేది. ఆ చేతులను ఒక్కసారైనా పట్టుకుని, నీకు తెలియదు కదా మామ్మా, అని నేను అనలేకపోయాను...

గడ్డి కొట్టాలు పోతున్నాయి. మన ఊళ్ళన్నిటా రేకుల ఇళ్ళు లేస్తున్నాయి. పురిటిగది అలవాట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మీ ఇంట్లోనూ గాలి తగిలి పోయాడని చెప్పుకునే పసివాడు ఒకడు ఉన్నాడా? ఆ నింద ఎవరు మోశారు? ఒకసారి అడిగి చూడండి... నాకూ చెప్పండి.